కొబ్బరి నీళ్ళు తాగిన బ్యాటరీలు

మొన్న మా మనవరాలు సుధ తెనాలి వచ్చింది. వచ్చీ రావడంతోనే, "అమ్మమ్మా, రేపు పొద్దున్న బస్టాండ్ దగ్గర మా స్టేషన్ మొదలుపెడుతున్నాం. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి" అంది. నేను కొట్టనన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. సుధ కరెంటు ఆటోల కంపెనీ నడుపుతుంది. స్టేషన్ అంటే రైలు ఆగేది కాదు. ఆటో అతను వచ్చి, అయిపోయిన బ్యాటరీ అక్కడ పెట్టేసి, నిండుగా ఉన్నది తగిలించుకుని వెళ్ళిపోయే చోటు. ఇది లోకంలో కొత్త సంగతి అన్నట్టు నాకు విడమరిచి చెప్పింది. అంతా విని, "ఈ పని మేం ఇదే ఊళ్ళో చేశామే, మీ అమ్మ చంకలో ఉన్నప్పుడు" అన్నాను. నవ్వింది. ముసలిదానికి మతి తప్పుతోందని అనుకుని ఉంటుంది. చూపించి నోరు మూయిద్దామంటే మా ఆయన కట్టిన బండి ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక. రాసినా మాట్లాడినట్టే ఉంటుంది, సర్దుకోండి.

మా అత్తవారిది తెనాలి. నాది రేపల్లె పక్క పల్లె. నేను కాపరానికి వచ్చేసరికి అత్తగారు లేరు. మావయ్య, మా ఆయన, ఇద్దరే మగవాళ్ళు. మావయ్యది ఎడ్లబండి. గూడ్సు షెడ్డు నుంచి బజారుకి బస్తాలు తోలేవారు. ఆ ఇంట్లో తెల్లవారిందంటే ఎడ్ల మెడలో గంటల చప్పుడు, తడిపిన తౌడు వాసన, దాని మీద మావయ్య చుట్ట వాసన. ఎడ్లు తింటే గానీ ఆయన తినరు, ఆయన తింటే గానీ నేను తినకూడదు. అంటే నా అన్నం వేళ ఎడ్ల చేతిలో ఉండేది. నాకది నచ్చలేదు, వచ్చిన నెలలోనే ఆ మాట చెప్పేశాను. "నువ్వు తినెయ్యమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నారు ఆయన, ఎద్దు గంగడోలు నిమురుతూ, నా వైపు చూడకుండానే. దసరాకి బండికి పూజ చేసి, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు దోసిట్లో పట్టి ఆ రెండింటి మూతికీ అందించేవారు. నల్లది గుటకలేసి తాగేది. తెల్లదానికి ఆ రుచి పడేది కాదు, మూతి అటు తిప్పేసుకునేది. "దీనికి పొగరు" అని మావయ్య మురిసిపోయేవారు.

మా ఆయనకి ఎడ్లంటే ఆసక్తి లేదు. మైకుసెట్ల షాపులో బ్యాటరీలకి ఛార్జింగ్ పెట్టే పని ఆయనది. ఆ యాసిడ్ వాసన ఒక రకమైన పుల్లటి వాసన, గొంతులో పట్టుకుంటుంది. ఆయన చొక్కాలన్నీ చిల్లులే. వాటితో కలిపి నానబెట్టిన పాపానికి నా చీరలకీ చిల్లులే. ఒకరోజు పాత ఇనప సామాన్ల కొట్లోంచి రిక్షాలో ఒక బరువైన వస్తువు తెచ్చి ఎడ్లపాక ముందు దింపించారు. రైలు పెట్టెల కింద ఉండే డైనమో అది. పెట్టె చక్రం తిరిగితే అది తిరిగి, లోపలి దీపాలకి కరెంటు పుట్టిస్తుంది. మనం దానికి ఎదురు కరెంటు ఇస్తే అదే చక్రాన్ని తిప్పుతుందని మా ఆయన వాదన. వాదన నిజమే. మూడు చక్రాల బండి ఒకటి కట్టి, బల్ల కింద లారీ బ్యాటరీలు పెట్టి, బియ్యం బస్తాలు ఎక్కించి బజారులోకి తోలారు. మనిషి వడివడిగా నడిచేంత జోరు. చప్పుడు లేదు. వెంటపడిన కుక్కలకి మొరగాలో వద్దో తెలియలేదు. అరుగుల మీద వాళ్ళు మాత్రం, "ఎడ్లేవిరా అబ్బాయ్, ముందుకెళ్ళిపోయాయా?" అని కేకలు వేశారు.

అప్పటికి మావయ్య ఎడ్ల జత ముసలిదైపోయింది. కొత్త జత కొనడానికని సంతకి వెళ్ళారు. కొనకుండా తిరిగొచ్చి, ఉన్న జతని కూడా అమ్మేసి, వచ్చిన డబ్బు మా ఆయన చేతిలో పెట్టారు. "నీ బండేదో నువ్వే కట్టు" అన్నారు, అంతే. ఆ సాయంత్రం ఖాళీ గాడిలో మిగిలిన తౌడంతా ఊడ్చి, నీళ్ళు పోసి కడిగారు. రేపు మళ్ళీ ఏదో వచ్చి అక్కడ తింటుందన్నట్టు. వచ్చినవి బ్యాటరీలు. ఎడ్లపాకే మా ఛార్జింగ్ షెడ్డు అయింది. గాడి గట్టు మీద వరసగా బ్యాటరీలు పెట్టేవాళ్ళం. ఛార్జింగ్ అయ్యేటప్పుడు వాటిలోంచి గ్యాసు లేస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుకని మావయ్య చుట్ట వెలిగించాలంటే వీధి అరుగు మీదకి పోవాలి. తన పాకలోంచి తనే బయటికి. అది నేను అప్పుడు పట్టించుకోలేదు. పనిలో ఉన్నాం.

పని అలా పెరిగింది మరి. ఇరుకు సందుల్లో తిరిగే బండి కాబట్టి బజారు వాళ్ళకి నచ్చింది. ఒకటి రెండయింది, తర్వాత చాలా అయ్యాయి. ఛార్జింగ్ అయ్యేదాకా బండి పాక ముందు ఖాళీగా నిలబడి ఉంటే నాకు ఒళ్ళు మండేది. "బండెందుకు ఆగాలండీ? బ్యాటరీ తీసేసి ఇంకోటి పెట్టి పంపండి. ఎడ్లయితే అలిసిపోతాయి గానీ ఈ చెక్కబల్లకి అలుపేంటి?" అన్నాను. "అవును కదే" అన్నారు మా ఆయన. అప్పటి నుంచి బండి కట్టడం ఆయన పని, మనుషుల్ని నడపడం నా పని అయిపోయింది. రేపల్లెలో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. నిజాంపట్నం నుంచి బస్సు మీద దిగే చేపల గంపల్ని, ఐసు కరిగేలోపు రైలుకి అందించాలి. అక్కడ షెడ్డు పెట్టాం. బాపట్లలో మస్తాన్ అని మా ఆయన దగ్గర పని నేర్చుకున్న మైకుసెట్టు అతను ముందుకొచ్చాడు. అక్కడా పెట్టాం. ఒకచోట బ్యాటరీలు తక్కువైతే ఇంకోచోటి నుంచి బస్సు టాపు మీద వేయించి పంపేదాన్ని. ఏది ఎవరిదో తెలియాలి కాబట్టి మా ఆయన తెల్లరంగుతో తె, రే, బా అని రాసేవారు. నేను నేర్చిన మొదటి అక్షరాలు అవే. అ, ఆ లు తర్వాత వచ్చాయి.

బ్యాటరీకి నీళ్ళు కావాలి. లోపల నీరు తగ్గితే మూతలు తీసి పొయ్యాలి, కుళాయి నీళ్ళు పనికిరావు. కొనే నీళ్ళు ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. అందుకని మా ఇంట్లో వాన పడితే పండగ. మొదటి జల్లుకి మురికి కొట్టుకుపోయాక, దండెం మీద ఉతికిన పంచె జారుగా కట్టి, దాని కింద గాజు సీసాలు పెట్టేదాన్ని. నేల చిందు తగలకూడదు, ఇనప బకెట్ తగలకూడదు, చెయ్యి ముంచకూడదు. చంటిదానికి పాలు ఆరబెట్టినంత జాగ్రత్తగా ఆ నీళ్ళు కాసేదాన్ని. మావయ్య అరుగు మీద కూర్చుని, చుట్ట కాల్చుకుంటూ, ఆ తతంగమంతా చూసేవారు. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం చుట్ట ఆర్పేసి వచ్చి, గాడి పక్కన నిలబడి, ఒక్కో మూతలోకీ వంగి చూసేవారు. "దీనికి చాలా దాహమేసినట్టుందే" అనేవారు. మేం నవ్వేవాళ్ళం.

షెడ్లు మూడయ్యాక వచ్చిన మొదటి దసరాకి, అన్నిచోట్లా పూజ ఎవరు చేస్తారన్న ప్రశ్న వచ్చింది. నాకు చంటిపిల్ల, మా ఆయనకి తీరిక లేదు. "నేను పోయొస్తాను" అన్నారు మావయ్య. ఉతికిన పంచె కట్టుకుని, ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల వెళ్ళొచ్చారు. వెళ్ళినచోటల్లా కుర్చీ వేశారట, దండ వేశారట. తిరిగొచ్చాక ఆ సంగతులు చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయారు. ఎడ్లు పోయాక ఆయన అంత మాట్లాడటం నేను చూడలేదు.

చలి మొదలయ్యేసరికి బళ్ళు దారిలో ఆగిపోవడం మొదలయ్యింది. పొద్దున్న నిండుగా పెట్టిన బ్యాటరీ రెండు వీధులు దాటగానే నీరసపడిపోయేది. ముందు రేపల్లె, తర్వాత బాపట్ల, ఆ తర్వాత తెనాలి. మా ఆయన యాసిడ్ మార్చారు, తీగలు మార్చారు, కరెంటు కోతల మీద నెపం వేశారు. చివరికి, "మీ రేపల్లె ఉప్పుగాలే. ఉప్పు బ్యాటరీలకి పడదు. అక్కడి నుంచి వచ్చినవే మిగతావాటిని పాడుచేస్తున్నాయి" అన్నారు. పుట్టింటి గాలిని కూడా తిట్టించుకోవాల్సి వచ్చింది నేను. బాపట్ల వాళ్ళు రేపల్లె వాళ్ళని అన్నారు, రేపల్లె వాళ్ళేమో, తెనాలి వాళ్ళు చచ్చినవాటినే తమకి అంటగడుతున్నారన్నారు.

రేపల్లె స్టేషన్ దారిలో బండి ఆగిపోయిన రోజు నేనక్కడే ఉన్నాను. గంపలు చేపల వ్యాపారం చేసే పోలేరమ్మవి. ఐసు నీళ్ళు బల్ల మీద నుంచి కారుతున్నాయి. రైలు కూత వినపడుతోంది. పోలేరమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం బండి తల్లీ ఇది! ఎద్దయితే తోక పట్టుకుని మెలిపెడితే కదిలేది. దీని తోకెక్కడుందో చెప్పు, నేనే మెలిపెడతాను" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గంపలు నేనూ నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను, అయినా రైలు వెళ్ళిపోయింది. "రేపటి నుంచి నాకు నీ బండొద్దమ్మాయ్. నువ్వు మంచిదానివే, నీ బండి మంచిది కాదు" అంది పోలేరమ్మ. తెనాలి కొట్ల వాళ్ళూ అదే మాట అనడానికి సిద్ధంగా ఉన్నారు. బళ్ళు పోతే మళ్ళీ ఎడ్లు కొనే స్థితి మాకు లేదు. మా అందరి తిండీ ఆ గాడి గట్టు మీదే ఉంది.

బాపట్ల వెళ్ళాను. మస్తాన్ షెడ్డు వెనక చెయ్యి కడుక్కోవడానికి పోతే, అక్కడ కొబ్బరి చిప్పల పోగు. గుడి వెనక కూడా అన్ని ఉండవు.

"ఇన్ని కొబ్బరికాయలేంటి మస్తాన్? ఏమైనా పెళ్ళి చేశావా?"

"అదేంటక్కా, కంపెనీ పద్ధతే కదా! ప్రతి శుక్రవారం పోస్తున్నాం."

"ఏం పోస్తున్నారు? ఎక్కడ పోస్తున్నారు?"

"బ్యాటరీల్లోనక్కా. దసరాకి పెద్దాయన వచ్చి మూతలన్నీ తీయించి, తలా కాసిని కొబ్బరి నీళ్ళు పోశారు. రేపల్లెలోనూ అంతేనంట."

"మీ అన్నయ్య నీకు పని నేర్పినప్పుడు ఏం పొయ్యమన్నాడు?"

మస్తాన్ తల గోక్కున్నాడు. "వాన నీళ్ళేనక్కా. నాకూ మనసులో పీకింది. కానీ ఆయన మీ మావగారు, పైగా దండేసి కూర్చోబెట్టాం. చెయ్యి పట్టుకుని ఆపుతామా?"

"సరే. ఇవాళ్టి నుంచి మానెయ్యండి."

"పెద్దాయన ఏమంటారో కనుక్కోక్కా" అన్నాడు వాడు. నా మాట మీద మానడానికి వాడికి ధైర్యం చాల్లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "ఉప్పు. కొబ్బరి నీళ్ళలో ఉప్పుంటుంది. లోపలి రేకుల్ని తినేస్తుంది" అన్నారు. రేపల్లె గాలి పేరు మళ్ళీ ఎత్తలేదు. కాసేపటికి, "నాన్నకి చెప్పొద్దు. ఎడ్లు అమ్మి ఇచ్చిన మనిషి. నీ చేత్తోనే పోయిందని ఎలా చెప్తాం? కడిగి, యాసిడ్ మార్చి, ఏవి బతికితే అవే చాలు" అన్నారు.

"చెప్పకపోతే వచ్చే దసరాకి మళ్ళీ పోస్తారు. ఈలోపు అక్కడ వారం వారం పోస్తున్నారు, నేను మానమన్నా మానరు" అన్నాను.

"నీకు మెత్తగా చెప్పడం రాదే."

"రాదు. కానీ చెప్పడం వచ్చు."

మావయ్య అరుగు మీద చుట్ట చుట్టుకుంటున్నారు. ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"మావయ్యా, బ్యాటరీల్లో కొబ్బరి నీళ్ళు పోశారా?"

"పోశానమ్మా. దసరా కదా."

"రెండుచోట్లా?"

"ఒకచోట పోసి ఇంకోచోట మానితే ఏం మర్యాద?"

"వాటి వల్లే పోతున్నాయి మావయ్యా. ఆ నీళ్ళలో ఉప్పుందట. బళ్ళు ఆగిపోతున్నది అందుకే."

ఆయన చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అన్నారు: "నువ్వు వాన నీళ్ళు పట్టేటప్పుడు చూసేవాణ్ణి. నేల తగలకూడదు, ఇనుము తగలకూడదు, చెయ్యి తగలకూడదు అంటావు. కొబ్బరి నీళ్ళకంటే పదిలమైనవి ఏవుంటాయమ్మా? చెట్టు మీద, డొక్కలో, పెంకులో ఉంటాయి. దేవుడి ముందు కొట్టేదాకా గాలి కూడా తగలదు." ఆయన ఆకు పక్కన పెట్టేసి పాక వైపు చూశారు. "ఎద్దయితే మూతి తిప్పుకునేది. ఇవి కిక్కురుమనకుండా తాగేశాయి" అన్నారు.

"బ్యాటరీలు చెప్పలేదు, సరే. నోరున్న మనుషులు కూడా చెప్పలేదు కదా. పెద్దాయన పోశారని వాళ్ళూ పోస్తున్నారు. మీరు చెప్తేనే మానతారు, రండి" అన్నాను. పెద్దవాణ్ణి పట్టుకుని పనివాళ్ళ ముందుకి రమ్మనడం మర్యాద కాదు. నాకు తెలుసు. మా ఆయన లోపలి నుంచి విని నెత్తి కొట్టుకున్నారు. మావయ్య మాత్రం లేచి కండువా వేసుకున్నారు.

ముందు రేపల్లె వెళ్ళాం. షెడ్డులో వాళ్ళు ఎప్పటిలాగే కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. "అబ్బాయిలూ, నేను పోసింది తప్పు. ఆ నీళ్ళే వీటిని చంపేశాయి. ఇక పొయ్యొద్దు" అన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. గంపల బాకీ మాటలు తేల్చుకోవడానికి వచ్చిన పోలేరమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని, "నీ దగ్గర కొబ్బరి నీళ్ళు అంత ఎక్కువైతే, ముసలాయనా, ఎండలో పడి తిరిగేదాన్ని నాకు పొయ్యకూడదూ?" అంది. మావయ్యే ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు సర్దుకున్నాక ఆయన మళ్ళీ అన్నారు: "ఇక మీదట నేనైనా, ఈ అమ్మాయైనా, మీకు తేడాగా కనపడే పని చేస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. ఎద్దు చేసే పని మనిషి చెయ్యలేడా?" బాపట్లలోనూ అదే మాట, అలాగే నిలబడి చెప్పారు. మస్తాన్ ఏడ్చాడు. మావయ్య ఏడవలేదు.

కొన్ని బ్యాటరీలు బతికాయి, చాలావరకు పోయాయి. బాపట్ల షెడ్డు ఎత్తేశాం, ఉన్నవాటిని తెనాలి, రేపల్లెలకి సర్దుకున్నాం. పోలేరమ్మ రెండు నెలలు చూసి వెనక్కి వచ్చింది. మూతలు తీసి నీళ్ళు పోసే పని మావయ్యకి అప్పగించాను. చుట్ట ఆర్పేసి, సీసా పట్టుకుని, కన్ను ఆనినన్నాళ్ళూ ఆయనే చేశారు. తర్వాత కొన్నాళ్ళకి డీజిల్ బళ్ళు దడదడమని వచ్చాయి. మావాటికంటే రెండింతల బరువు లాగేవి, ఆగేవి కావు. మేం తట్టుకోలేకపోయాం. కొబ్బరి నీళ్ళ వల్లే మా కంపెనీ పోయిందని మా ఆయన చివరిదాకా అనేవారు. నేనొప్పుకోను. ఆ దెబ్బ నుంచి లేచాం. ఒక్క ఊళ్ళో ఉన్నంతకాలం ఏం జరిగినా నా కంట పడేది. మూడు ఊళ్ళయ్యాక ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోవడం వల్ల ఏడాది కష్టం పోగొట్టుకున్నాం.

ఇదంతా ఆ రాత్రి సుధకి చెప్పాను. మర్నాడు నన్ను బస్టాండ్ దగ్గరికి తీసుకెళ్ళింది. బీరువా లాంటి పెట్టె, దాని అరల్లో బ్యాటరీలు. ఒకటి బయటికి తీయించి తిప్పి తిప్పి చూశాను.

"దీని మూతెక్కడే?"

"మూత ఉండదు అమ్మమ్మా, సీలు. నీళ్ళు పోసే పనే లేదు. ఏ ఊళ్ళో ఏ బ్యాటరీకి బాగోలేకపోయినా నాకు ఫోన్లో తెలిసిపోతుంది."

"అయితే ఇవి మూతి తిప్పుతాయన్నమాట" అన్నాను. బాగుంది. మాకు లేనిది అదే.

ఒక ఆటో అతను వచ్చి బ్యాటరీ మార్చుకుంటున్నాడు. "ఎలా ఉందన్నా బండి?" అని అడిగింది సుధ. "సూపర్ మేడం" అన్నాడు. అతని కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఆ గుడ్డేంటి నాయనా?" అన్నాను.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుండా ఎవరూ గుడ్డ కట్టుకోరు."

మేడం వైపు ఒకసారి చూశాడు. "పిడికి చెయ్యి కోసుకుపోతోందమ్మా, రోజూ తీసి పెట్టేటప్పుడు. అందరికీ ఇంతే. ఇంత పెద్ద కంపెనీ, వాళ్ళకి మనమేం చెప్తాం?" సుధ ఫోన్ జేబులో పెట్టేసి, ఆ బ్యాటరీ తనే ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. అరచెయ్యి చూసుకుని అతని పక్కన కూర్చుంది, మిగతావి చెప్పమని.

అప్పుడు కొబ్బరికాయ అడిగి తీసుకున్నాను. పెట్టెకి దూరంగా, రోడ్డు పక్క రాయి మీద కొట్టి, నీళ్ళు గ్లాసులో పట్టి, ఆ ఆటో అతనికి అందించాను. అతను గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, "నాకు కొబ్బరి నీళ్ళు పడవమ్మా" అని మూతి అటు తిప్పేసుకున్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. "దీనికి పొగరు" అని మురిసిపోయే మావయ్య పక్కన లేరు. ఆ నీళ్ళు నేనే తాగాను.